పివట్ రిపోర్టులో ఏ కాలమ్స్ కనిపించాలో చూసేవాళ్లే ఎంచుకునేలా చేయడం: సమగ్ర మార్గదర్శి

నెలవారీ అమ్మకాల రిపోర్టు ఒకటి తయారుచేసి ఇచ్చారనుకోండి. నిలువుగా శాఖలు, అడ్డంగా పన్నెండు నెలలు. ఇలా డేటాలోని విలువల్ని అడ్డంగా కాలమ్స్‌గా పరిచేదే పివట్ రిపోర్టు. వారం తిరగకముందే ఒకరు చివరి మూడు నెలలు చాలంటారు. ఇంకొకరు పోయినేడాది మార్చినీ ఈ ఏడాది మార్చినీ పక్కపక్కన చూపించమంటారు. మరొకరికి ప్రింటు తీస్తే అంతా ఒకే కాగితం మీద పట్టాలి. అడిగిన ప్రతివాళ్లకూ ఒక కాపీ చేసిస్తూ పోతే కొన్నాళ్లకు ఒకే రిపోర్టు ఏడెనిమిది పేర్లతో తిరుగుతూ ఉంటుంది. లెక్క ఎక్కడైనా మారితే అన్నింట్లోనూ మార్చాలి. ఒకదాంట్లో మర్చిపోయామా, ఒకే మీటింగులో ఇద్దరి చేతుల్లో రెండు వేర్వేరు అంకెలుంటాయి.

అందుకే రిపోర్టు ఒకటే ఉంచి, కాలమ్స్ ఎంపికను చూసేవాళ్ల చేతికే ఇవ్వాలి. ఇక్కడ ప్రధానంగా మైక్రోసాఫ్ట్ రిపోర్టుల టూల్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్‌లో, అంటే మనందరం ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ అని పిలిచేదాంట్లో, ఇది ఎలా చేయాలో చెబుతాను. పవర్ బీఐ, ఎక్సెల్ వాడేవాళ్ల కోసం చివర్లో కొంత ఉంది. టూల్ ఏదైనా ఆలోచన ఒకటే కాబట్టి వాళ్లు కూడా మొదటి నుంచి చదివితే మంచిది.

మొదలుపెట్టే ముందు: మీ కాలమ్స్ ఏ రకం?

పివట్ రిపోర్టులో అడ్డంగా కనిపించేవి రెండు రకాలు. మొదటి రకం డేటాలోంచి పుట్టుకొచ్చేవి: నెలలు, శాఖలు, ఉత్పత్తుల రకాలు. వచ్చే నెల డేటా చేరగానే కొత్త కాలమ్ దానంతటదే వస్తుంది. రెండో రకం కొలతలు: పరిమాణం, అమ్మకం విలువ, లాభం, లాభ శాతం. ఇవి మీరు డిజైన్ చేస్తే తప్ప కొత్తగా పుట్టవు.

ఈ రెండింటికీ దారులు వేరు. మొదటి రకానికి ఫిల్టర్ సరిపోతుంది. రెండోదానికి సాధారణంగా కాలమ్‌ను దాచే ఎక్స్‌ప్రెషన్, అంటే చిన్న ఫార్ములా, రాయాలి. "కాలమ్స్ ఎంచుకునే వీలు కావాలి" అని ఎవరైనా అడిగితే, వాళ్లు ఏ రకం గురించి మాట్లాడుతున్నారో ముందే అడిగి తెలుసుకోండి. చాలాసార్లు రెండూ కావాలంటారు. అప్పుడు రెండు వేర్వేరు పారామీటర్లు (చూసేవాళ్లు విలువలు ఎంచుకునే పెట్టెలు) పెట్టండి.

1. డేటాను నిలువుగానే తీసుకురండి

ఈ పనిలో చాలామంది ఇరుక్కుపోయేది ఇక్కడే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్ నుంచి పివట్ ఆపరేటర్ ఉంది కదా, క్వెరీలోనే (డేటాబేస్‌ను డేటా అడిగే ఆదేశంలోనే) నెలల్ని కాలమ్స్‌గా మార్చేసి రిపోర్టులోకి పంపిద్దాం అనిపిస్తుంది. కానీ పివట్ రాసేటప్పుడు ఏయే విలువలు కాలమ్స్ కావాలో ఇన్ జాబితాలో ముందే పేరు పేరునా రాయాలి. అక్కడ పారామీటర్ పనిచేయదు, సబ్‌క్వెరీ కూడా పనిచేయదు. ఇది ఒక్క ఎస్‌క్యూఎల్ సర్వర్‌కే ఉన్న ఇబ్బంది కాదు. క్వెరీ నడిచే ముందే ఫలితంలో ఏ కాలమ్స్ ఉంటాయో డేటాబేస్‌కు తెలియాలి. అందుకే పోస్ట్‌గ్రెస్‌లోని క్రాస్‌ట్యాబ్ ఫంక్షన్‌కు కూడా ఫలితంలో వచ్చే కాలమ్స్ పేర్లు, టైపులు మనమే చెప్పాలి.

డైనమిక్ ఎస్‌క్యూఎల్‌తో, అంటే నడిచేటప్పుడే క్వెరీని కట్టే పద్ధతితో, ఆ జాబితాను అప్పటికప్పుడు తయారుచేయొచ్చు. క్వెరీ వరకు అది బాగానే నడుస్తుంది, రిపోర్టు దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ డేటాసెట్‌లో (క్వెరీ ఫలితాన్ని రిపోర్టుకు అందించేది) ఫీల్డ్స్ జాబితా డిజైన్ చేసినప్పుడే స్థిరపడిపోతుంది. ఈరోజు "జనవరి" అనే ఫీల్డ్ వచ్చి రేపు రాకపోతే రిపోర్టు దాన్ని వెతుక్కుంటూ ఎర్రర్ ఇస్తుంది. కొత్తగా "ఏప్రిల్" వస్తే దాన్ని అసలు పట్టించుకోదు.

కాబట్టి క్వెరీలో పివట్ చేయకండి. శాఖ, నెల, అమ్మకం మొత్తం సెలెక్ట్ చేసి, శాఖ, నెల మీద గ్రూప్ బై పెట్టండి. అంతే. ఫలితం ఇలా ఉండాలి:

శాఖ | నెల సంఖ్య | నెల పేరు | అమ్మకం
ఉత్తర | 202401 | జనవరి 2024 | 120
ఉత్తర | 202402 | ఫిబ్రవరి 2024 | 80
ఉత్తర | 202403 | మార్చి 2024 | 200
దక్షిణ | 202401 | జనవరి 2024 | 90
దక్షిణ | 202403 | మార్చి 2024 | 150

నెల పేరుతో పాటు నెల సంఖ్య ఎందుకంటే, పేరు చూపించడానికి, సంఖ్య వరుసలో పెట్టడానికి. పేరు మీద సార్ట్ చేస్తే అక్షర క్రమంలో వచ్చి ఏప్రిల్ ముందుకూ జనవరి ఎక్కడికో పోతాయి. సంవత్సరాన్ని కూడా కలిపి 202403 లాంటి ఒకే సంఖ్య పెట్టుకుంటే రెండేళ్ల డేటా ఉన్నా తికమక ఉండదు.

2. ఎంపిక జాబితా, పారామీటర్

ఎంచుకోవడానికి చూపించే నెలల జాబితాకు వేరే డేటాసెట్ పెట్టండి. లక్షల వరుసలున్న అమ్మకాల టేబుల్‌లోంచి డిస్టింక్ట్ తీస్తే రిపోర్టు తెరిచిన ప్రతిసారీ ఆ జాబితా కోసమే ఆగాల్సివస్తుంది. క్యాలెండర్ టేబుల్ (నెలలన్నీ వరుసగా ఉన్న టేబుల్) ఉంటే అందులోంచి తీసుకోండి. లేకపోతే చిన్నది ఒకటి తయారుచేసుకోండి, నాలుగో దశలో దాని అవసరం ఎలాగూ పడుతుంది.

పారామీటర్ ప్రాపర్టీస్‌లో "అలౌ మల్టిపుల్ వాల్యూస్" టిక్ చేయండి. అవైలబుల్ వాల్యూస్‌లో వాల్యూకి నెల సంఖ్య, లేబుల్‌కి నెల పేరు ఇవ్వండి. "సెలెక్ట్ ఆల్" అనే టిక్ దానంతటదే వస్తుంది, దానికోసం జాబితాలో "అన్నీ" అని ఇంకో వరుస కలపనక్కర్లేదు.

డిఫాల్ట్ విలువల మీద కాస్త శ్రద్ధ పెట్టండి. డిఫాల్ట్ లేకపోతే రిపోర్టు తెరవగానే ఖాళీ తెర కనిపిస్తుంది, కొత్తవాళ్లు అది పాడైందనుకుంటారు. అన్ని నెలలనూ డిఫాల్ట్‌గా పెడితే మొదటి చూపులోనే రిపోర్టు కుడివైపుకు సాగిపోతుంది. ఎక్కువమంది రోజూ చూసేది ఏదో కనుక్కుని అదే పెట్టండి. నెలలైతే సాధారణంగా చివరి మూడు. డిఫాల్ట్‌గా ఇచ్చే విలువ జాబితాలోని విలువతో పొల్లుపోకుండా కలవాలి, డేటా టైప్‌తో సహా. కలవకపోతే ఆ టిక్ పడదు.

మల్టీ వాల్యూ పారామీటర్‌కు నల్ (విలువే లేకపోవడం) ఇవ్వడం కుదరదు, కనీసం ఒక్కటైనా ఎంచుకోవాల్సిందే. "ఏదీ ఎంచుకోకపోతే అన్నీ చూపించు" అని ఎవరైనా అడిగితే అది సెలెక్ట్ ఆల్‌తోనే చేయాలని ముందే చెప్పేయండి.

3. మ్యాట్రిక్స్, ఫిల్టర్: అసలు నిర్ణయం ఇక్కడే

మ్యాట్రిక్స్, అంటే అడ్డంగా, నిలువుగా గ్రూపులుండే ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ పట్టిక, పెట్టడం పెద్ద పనేమీ కాదు. రో గ్రూపులో శాఖ, కాలమ్ గ్రూపులో నెల సంఖ్య, మధ్య గడిలో అమ్మకం సమ్. కాలమ్ హెడర్‌లో నెల పేరు చూపించి, గ్రూప్ సార్టింగ్ నెల సంఖ్య మీద పెట్టండి. పివట్ అయ్యేది ఇక్కడే. డేటాలో ఎన్ని నెలలుంటే అన్ని కాలమ్స్ వస్తాయి.

ఇక ఎంచుకోని నెలల్ని ఎక్కడ ఆపాలి? మూడు చోట్ల ఆపొచ్చు, మూడింట్లోనూ తెర మీద కనిపించే కాలమ్స్ ఒకేలా ఉంటాయి. కానీ కుడివైపు చివర ఉండే మొత్తం మారిపోతుంది. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే.

ఉత్తర శాఖ వరుసనే చూడండి. జనవరి 120, ఫిబ్రవరి 80, మార్చి 200, మూడూ కలిపి 400. చూసేవాళ్లు జనవరి, మార్చి మాత్రమే ఎంచుకున్నారు. మొత్తం దగ్గర 320 రావాలా, 400 రావాలా? పక్కన శాతం కూడా ఉంటే జనవరి వాటా 320లో 37.5 శాతం, 400లో 30 శాతం. రెండూ సరైన లెక్కలే. చూసేవాళ్లు ఏ ప్రశ్న అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఏదో ఒకటి తప్పవుతుంది. "నాకు ఫిబ్రవరి కనిపించకపోతే చాలు" అన్నవాళ్లకు 400 కావాలి. "ఫిబ్రవరిని లెక్కలోంచి తీసేయండి" అన్నవాళ్లకు 320 కావాలి. అడగకుండా ఊహించి కట్టకండి.

320 కావాలంటే క్వెరీలోనే వేర్ నిబంధన పెట్టండి. డేటా కూడా తక్కువ వస్తుంది, రిపోర్టు త్వరగా తెరుచుకుంటుంది. క్వెరీ రిపోర్టులోనే రాసుంటే నెల సంఖ్య ఇన్ అని రాసి బ్రాకెట్లో పారామీటర్ ఇస్తే చాలు, ఎంచుకున్న విలువలన్నీ అక్కడికి చేరతాయి. స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే రాసిపెట్టిన క్వెరీ) వాడుతుంటే మాత్రం ఈ సౌకర్యం ఉండదు. ఎంచుకున్నవన్నీ కామాలతో కలిసి ఒకే స్ట్రింగ్‌గా వస్తాయి, ప్రొసీజర్ లోపల వాటిని మనమే విడగొట్టుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి దీనికి స్ట్రింగ్ స్ప్లిట్ ఫంక్షన్ ఉంది, డేటాబేస్ కంపాటిబిలిటీ లెవెల్ 130 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి.

400 కావాలంటే డేటా మొత్తం తెచ్చుకుని, ఫిల్టర్‌ను కాలమ్ గ్రూప్ మీద పెట్టండి. గ్రూప్ ప్రాపర్టీస్‌లో ఫిల్టర్స్‌కు వెళ్లి, ఎక్స్‌ప్రెషన్ నెల సంఖ్య, ఆపరేటర్ ఇన్, వాల్యూ మీ పారామీటర్. ఈ ఫిల్టర్ ఆ గ్రూపు వరకే పనిచేస్తుంది. గ్రూపు బయట ఉన్న మొత్తం కాలమ్‌కు వరుసలోని డేటా అంతా అందుబాటులోనే ఉంటుంది, కాబట్టి 400 వస్తుంది. ఫిల్టర్‌ను డేటాసెట్ మీద పెడితే మాత్రం మళ్లీ 320కే వస్తుంది. గ్రూప్ ఫిల్టర్ బదులు కాలమ్ గ్రూప్ విజిబిలిటీలో దాచే ఎక్స్‌ప్రెషన్ రాసినా 400 వస్తుంది, అయితే నెలల్లాంటి వాటికి ఫిల్టరే శుభ్రంగా ఉంటుంది.

ఆ వాల్యూ గడి దగ్గర ఒక మెలిక ఉంది. ఎక్స్‌ప్రెషన్ ఎడిటర్‌లో పారామీటర్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే దాని చివర బ్రాకెట్లో సున్నా కూడా చేరుతుంది. అంటే ఎంచుకున్న వాటిలో మొదటిది మాత్రమే అని అర్థం. దాన్ని అలాగే వదిలేస్తే ఎన్ని నెలలు టిక్ చేసినా ఒక్కటే కనిపిస్తుంది. బ్రాకెట్‌ను, సున్నాను తీసేయండి.

రెండు మొత్తాలూ కావాలనేవాళ్లూ ఉంటారు. గ్రూప్ ఫిల్టర్ పెట్టి, "ఏడాది మొత్తం" పక్కన "ఎంచుకున్న నెలల మొత్తం" అని ఇంకో కాలమ్ చేర్చండి. దాంట్లో సమ్ లోపల ఐఐఎఫ్ (షరతును బట్టి రెండింట్లో ఒకటిచ్చే ఫంక్షన్) రాసి, నెల ఎంపికలో ఉంటే అమ్మకం, లేకపోతే నథింగ్ ఇవ్వండి. నథింగ్ బదులు ఉత్త సున్నా రాస్తే, అమ్మకం డెసిమల్ అయినప్పుడు రెండు రకాల టైపులు కలిసి గడిలో ఎర్రర్ వస్తుంది. మీరు ఏ దారి ఎంచుకున్నా మొత్తం కాలమ్‌కు "మొత్తం" అని మాత్రం పెట్టి వదిలేయకండి. దేని మొత్తమో హెడర్ చెప్పాలి.

4. ఎంచుకున్నా కనిపించని కాలమ్

ఫిబ్రవరిలో ఏ శాఖలోనూ అమ్మకాలు లేవనుకోండి. చూసేవాళ్లు ఫిబ్రవరి టిక్ చేస్తారు, రిపోర్టులో ఆ కాలమ్ అసలు ఉండదు. మ్యాట్రిక్స్‌కు డేటాలో లేనిదాని సంగతి తెలియదు. చూసేవాళ్లకు మాత్రం రిపోర్టు మీద నమ్మకం పోతుంది.

దీనికి క్యాలెండర్ టేబుల్‌ను, శాఖల టేబుల్‌ను క్రాస్ జాయిన్ చేసి ప్రతి శాఖకూ ప్రతి నెలా ఉండేలా ఒక చట్రం తయారుచేయండి. దానికి అమ్మకాలను లెఫ్ట్ జాయిన్ చేయండి. అమ్మకాల టేబుల్ మీద పెట్టే నిబంధనలన్నీ ఆన్ భాగంలోనే ఉండాలి. వేర్‌లోకి వెళ్తే ఖాళీ వరుసలు ఎగిరిపోయి అది మామూలు ఇన్నర్ జాయిన్‌లా మారిపోతుంది. నెలల ఎంపికను మాత్రం క్యాలెండర్ టేబుల్ మీద వేర్‌లో పెట్టుకోవచ్చు, దానికి అడ్డేమీ లేదు.

ఖాళీ గడిలో సున్నా చూపించాలా, ఖాళీగా వదలాలా? దుకాణం తెరిచి ఏమీ అమ్మకపోవడం వేరు, ఆ నెల లెక్క ఇంకా చేరకపోవడం వేరు. సగటు తీసేటప్పుడు కూడా ఇది తేడా చేస్తుంది: సున్నా సగటులో చేరుతుంది, నల్ చేరదు. రెండూ మీ డేటాలో ఉండే అవకాశముంటే నల్‌ను సున్నాగా మార్చకండి.

5. కొలతలను ఎంచుకునే వీలు

పరిమాణం, అమ్మకం, నికర అమ్మకం, లాభ శాతం. వీటిలో ఏవి కావాలో చూసేవాళ్లే టిక్ చేయాలి. రెండో మల్టీ వాల్యూ పారామీటర్ పెట్టి, అవైలబుల్ వాల్యూస్‌ను ఈసారి చేత్తోనే రాయండి. మ్యాట్రిక్స్‌లో నాలుగు కొలతలకూ నాలుగు కాలమ్స్ పెట్టి, ఒక్కో కాలమ్ పైనున్న బూడిద రంగు పట్టీ మీద రైట్ క్లిక్ చేసి కాలమ్ విజిబిలిటీ తెరవండి. అక్కడ, ఈ కొలత ఎంపికలో లేకపోతే దాచు అనే ఎక్స్‌ప్రెషన్ ఇవ్వాలి.

టెక్స్ట్‌బాక్స్ హిడెన్ ప్రాపర్టీలో రాయకండి. అలా చేస్తే అంకె మాయమవుతుంది గానీ దాని చోటు ఖాళీగా అలాగే ఉండిపోతుంది. కాలమ్ విజిబిలిటీలో రాస్తే పక్క కాలమ్స్ దగ్గరకు జరుగుతాయి.

ఎక్స్‌ప్రెషన్‌కు ఎక్కువమంది వాడే పద్ధతి, ఎంచుకున్న విలువలన్నీ జాయిన్‌తో ఒక స్ట్రింగ్ చేసి, ఇన్‌స్ట్రింగ్‌తో అందులో కొలత పేరు ఉందేమో వెతకడం. అది ప్రమాదం. "నికర అమ్మకం" ఒక్కటే టిక్ చేసినా "అమ్మకం" కూడా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మాట ఇందులో ఉంది. 1, 12 లాంటి కోడ్లతోనూ ఇదే జరుగుతుంది. దాని బదులు అర్రే క్లాసులోని ఇండెక్స్ ఆఫ్ ఫంక్షన్ వాడండి. మొదట పారామీటర్ వాల్యూ, తర్వాత కొలత పేరు ఇస్తే, అచ్చంగా అదే పేరు ఉంటే దాని స్థానం, లేకపోతే మైనస్ ఒకటి వస్తుంది. ఫలితం సున్నా కన్నా తక్కువైతే హిడెన్. పారామీటర్ టైప్, మీరు పోల్చే విలువ టైప్ ఒకటే ఉండేలా చూసుకోండి.

ఇంకో దారి, కొలతలను కూడా వరుసలుగా మార్చేసి కొలత పేరు మీద కాలమ్ గ్రూప్ పెట్టడం. అన్‌పివట్ ఆపరేటర్ నల్ విలువలున్న వరుసల్ని వదిలేస్తుంది, అన్ని కాలమ్స్ ఒకే టైప్‌లో ఉండాలని పట్టుబడుతుంది. క్రాస్ అప్లయ్‌లో వాల్యూస్ రాస్తే నల్స్ నిలుస్తాయి. కొలతలు పదిహేను, ఇరవై ఉంటే ఈ దారి బాగుంటుంది. కానీ శాతాలను ఇలా మార్చకండి: 20 శాతం, 30 శాతం ఉన్న రెండు వరుసలకు మ్యాట్రిక్స్ మొత్తం దగ్గర నిశ్చింతగా 50 శాతం వేసేస్తుంది. నిష్పత్తులను ప్రతి స్థాయిలోనూ మళ్లీ లెక్కించాలి, అందుకు విడి కాలమ్ కావాలి. ఆరేడు కొలతల లోపైతే నేను ఎప్పుడూ విడి కాలమ్స్, విజిబిలిటీ దారినే ఎంచుకుంటాను.

6. డైనమిక్ ఎస్‌క్యూఎల్ తప్పనిసరైతే

ఫైలు నేరుగా ఇంకో సిస్టమ్‌కు వెళ్లాలి, అది అడ్డంగా పరిచిన డేటానే తీసుకుంటుంది అన్నప్పుడు క్వెరీలోనే పివట్ చేయక తప్పదు. అప్పుడు చూసేవాళ్లు పంపిన పేర్లను ఎప్పుడూ నేరుగా క్వెరీలో అతికించకండి. అవి ముందు మీ క్యాలెండర్ టేబుల్‌లో ఉన్నాయో లేదో సరిచూసి, టేబుల్‌లోంచి వచ్చిన పేర్లతోనే జాబితా కట్టండి. ప్రతి పేరునూ కోట్‌నేమ్ ఫంక్షన్‌లో చుట్టి, ఎస్‌పీ ఎగ్జిక్యూట్ ఎస్‌క్యూఎల్‌తో నడపండి. జాబితా కట్టడానికి 2017 వెర్షన్ నుంచి స్ట్రింగ్ అగ్ ఉంది, పాత వెర్షన్లలో ఫర్ ఎక్స్‌ఎమ్‌ఎల్ పాత్ వాడాలి.

7. పవర్ బీఐ, ఎక్సెల్

పవర్ బీఐలో నెలలకు మ్యాట్రిక్స్ విజువల్, నెల మీద ఒక స్లైసర్ (క్లిక్ చేసి ఎంచుకునే ఫిల్టర్) చాలు. నెల పేరును నెల సంఖ్యతో వరుసలో పెట్టడానికి "సార్ట్ బై కాలమ్" వాడండి. కొలతల కోసం 2022లో వచ్చిన ఫీల్డ్ పారామీటర్స్ ఉన్నాయి: మోడలింగ్ ట్యాబ్‌లో న్యూ పారామీటర్, ఫీల్డ్స్ ఎంచుకుని కొలతలు చేర్చండి. దాన్ని మ్యాట్రిక్స్ వాల్యూస్‌లో వేస్తే స్లైసర్‌లో టిక్ చేసినవే కనిపిస్తాయి. పైన చెప్పిన 320, 400 ప్రశ్న ఇక్కడా వస్తుంది. వాటా లెక్కించే మెజర్‌లో (పవర్ బీఐ ఫార్ములాలో) నెల మీద ఆల్ వాడితే స్లైసర్‌ను పట్టించుకోకుండా 400తో భాగిస్తుంది, ఆల్‌సెలెక్టెడ్ వాడితే 320తో.

ఎక్సెల్ పివట్ టేబుల్‌లో 2010 నుంచి స్లైసర్లున్నాయి. మామూలు పివట్ టేబుల్‌లో గ్రాండ్ టోటల్ కనిపించే వాటినే కూడుతుంది, అంటే 320. అమ్మకాలే లేని నెల కాలమ్‌గా కనిపించాలంటే ఫీల్డ్ సెట్టింగ్స్‌లో "షో ఐటమ్స్ విత్ నో డేటా" టిక్ చేయండి.

8. దాచడం భద్రత కాదు

జీతాలు, మార్జిన్లు లాంటి కాలమ్స్‌ను ఈ పద్ధతిలో దాచి కొందరికి కనిపించకుండా చేద్దాం అనుకోవద్దు. పారామీటర్ చూసేవాళ్ల చేతిలోనే ఉంది, టిక్ చేస్తే కనిపిస్తుంది. పారామీటర్‌ను హిడెన్ చేసినా రిపోర్టు లింకులో విలువ రాసి పంపొచ్చు. ఎవరు ఏమి చూడొచ్చు అన్నది డేటాబేస్ అనుమతుల్లో, లేదా లాగిన్‌ను బట్టి క్వెరీలో తేల్చాలి.

9. వాళ్ల చేతికిచ్చే ముందు

ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌లో ప్రింటు తీసిన కాగితం మీద పారామీటర్ల పెట్టెలు కనిపించవు. ఏ నెలలు ఎంచుకుంటే ఈ అంకెలొచ్చాయో రిపోర్టు పైభాగంలో రాసుండాలి. ఒక టెక్స్ట్‌బాక్స్‌లో పారామీటర్ లేబుల్స్‌ను జాయిన్‌తో కామాలు పెట్టి చూపించండి. ఎంచుకున్నవాటి సంఖ్య, జాబితా డేటాసెట్‌లోని వరుసల సంఖ్య సమానమైతే "అన్ని నెలలు" అని చూపించేలా చేస్తే ముప్ఫై పేర్ల వరుస తప్పుతుంది.

ఒకే ఎంపికను రోజూ వాడే బృందాలకు లింక్డ్ రిపోర్టులు ఇవ్వండి. అవి కాపీలు కావు. అసలు రిపోర్టు ఒకటే ఉంటుంది, ఒక్కో లింక్డ్ రిపోర్టుకు వేరే డిఫాల్ట్ విలువలు పెట్టుకోవచ్చు. అసలుదాంట్లో లెక్క మారిస్తే అన్నింట్లోనూ మారుతుంది.

పరీక్షించేటప్పుడు ఒక్క నెల ఎంచుకుని చూడండి, అన్నీ ఎంచుకుని చూడండి, అమ్మకాలు లేని నెల ఒక్కటే ఎంచుకుని చూడండి. వరుసగా లేని నెలలు ఎంచుకుని మొత్తాన్ని చేత్తో కూడి సరిచూడండి. అన్నీ ఎంచుకున్నప్పుడు పీడీఎఫ్ తీయండి. కాలమ్స్ పెరిగే కొద్దీ వెడల్పు పేజీ దాటి, మిగిలినవి తర్వాతి పేజీలకు వెళ్తాయి. ఆ పేజీల్లో శాఖ పేరు లేకపోతే అంకెలు ఎవరివో తెలియదు, కాబట్టి ట్యాబ్లిక్స్ (మ్యాట్రిక్స్) ప్రాపర్టీస్‌లో రో హెడర్స్ ప్రతి పేజీలోనూ రిపీట్ అయ్యేలా టిక్ చేయండి.